నాలుగు వేళ్లు

గురో-దోంగ్‌లో మా స్టూడియో.
కింద సవరాల గోదాము, పైన మేం ముప్పై రెండు మందిమి.
ఒక్కొక్కరికీ ఒక గాజు బల్ల, బల్ల కింద ట్యూబులైటు.
గడ్డం కిందనుంచి వెలుతురు పడి
రాత్రి షిఫ్టులో అందరం దయ్యాల్లా ఉంటాం,
పెన్సిళ్లు చెక్కుకునే దయ్యాల్లా.

కాలిఫోర్నియా నుంచి అట్టపెట్టెలో వచ్చింది
పదిహేడో ఎపిసోడ్.
వెండెల్ ప్రుయిట్ అని ఒక బట్టతల సంసారి
పెళ్లిరోజు మర్చిపోతాడు,
కప్పిపుచ్చుకోబోయి గరాజు తగలబెడతాడు,
మసి గోడ ముందు పెళ్లాం ఫక్కున నవ్వేస్తుంది.
వచ్చే వారానికి గరాజు మళ్లీ నిలబడి ఉంటుంది
ఎవరూ ఇటుక మోయకుండానే,
ఎవరూ అప్పు చేయకుండానే.

మొదటి బొమ్మ వాళ్లది. ఐదో బొమ్మ వాళ్లది.
రెండూ మూడూ నాలుగూ నావి.
వెండెల్ చెయ్యి సాసు సీసాను అందుకోవాలన్నది వాళ్ల ఆలోచన,
దారంతా నేను.

మాటలు తెలియవు నాకు. నోళ్లు తెలుసు.
మూసిన నోరు, సున్నాలా తెరిచిన నోరు,
కింది పెదవి మీద పళ్లు ఆనిన నోరు,
తొమ్మిది నోళ్లతో ఇంగ్లిషంతా అయిపోతుంది.
ఒకసారి ఇందులో జోకేమిటని
అనువాదం చేసే నమ్‌గుంగ్ గారిని అడిగాను.
ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చెప్పింది,
చివరికి, "అక్కడైతే నవ్వొస్తుందిలే" అంది.

చేరిన రోజే ప్యో గారు హెచ్చరించాడు,
చేతికి నాలుగు వేళ్లే గియ్యాలని.
ఒక వేలు మానేస్తే ఎపిసోడుకు ఎన్ని వేల గీతలు మిగులుతాయో
లెక్కగట్టి గోడకు అంటించారు.
తలూపాను. నాకు కొత్త సంగతి కాదు.
మా నాన్న కుడిచేతికీ నాలుగే.
ఐదోది డెబ్భై ఎనిమిదిలో, వాగు అవతలి షెడ్డులో,
ప్రెస్సు మిషను కింద.
కంపెనీ ఒక బస్తా బియ్యం పంపింది,
పనికి రాని రోజులకు జీతం కోసుకుంది.

నాలుగు వేళ్లు నోట్లోకి పోవాలంటే
నాలుగు వేళ్లే గియ్యాలి మరి.

జనవరి. వరసగా మూడో రాత్రి.
తెల్లవారుజాము నాలుగున్నర.
సీను నూట నలభై రెండులో వెండెల్
కిటికీలోంచి పక్కింటివాడికి చెయ్యి ఊపాలి.
మూడో బొమ్మలో ఐదు వేళ్లు పడ్డాయి.
చిటికెన వేలు, గోరుతో సహా.
వెండెల్‌కి అసలు గోళ్లే ఉండవు.
నిద్రమత్తులో గీశానంటే ప్యో గారు నమ్మాడు.
నేను నమ్మలేదు.
"చే బొంగ్-హీ, ఇది దానధర్మాల ఆఫీసు కాదు" అని
దగ్గరుండి తుడిపించాడు, ఆ రోజు కూలి తగ్గించాడు.
రబ్బరు పొట్టు కొంచెం
కోటు జేబు కుట్లలో ఇంటిదాకా వచ్చింది.

అక్టోబరులో ఒక శనివారం
అమెరికా సైన్యం వాళ్ల ఛానల్లో అదే ఎపిసోడ్.
పొయ్యిలో బొగ్గుబిళ్ల మార్చొచ్చి
నాన్న నా పక్కన చతికిలబడ్డాడు.
గరాజు భగ్గున లేచినా నవ్వలేదు.
"ఇన్సూరెన్సు ఉండి ఉంటుంది" అన్నాడు.
నా సీను వచ్చింది. కిటికీ, చెయ్యి.
అర సెకను కూడా లేదు.
నాన్న ముందుకు వంగి కళ్లు చిట్లించాడు.
"వీడిది ఏ ఫ్యాక్టరీ?"

ఎనిమిది నెలలు గీసి నవ్వలేని ఎపిసోడ్‌కి
అప్పుడు నవ్వాను, కళ్లనీళ్లు వచ్చేదాకా, ముక్కు కారేదాకా.
ఎందుకని ఆయన అడగలేదు.
కుడిచెయ్యి ఎత్తి టీవీకేసి ఊపాడు,
షిఫ్టు దిగిపోతూ గేటు దగ్గర
ఎదురొచ్చినవాడికి ఊపినట్టు.
అప్పటికే వెండెల్ వెళ్లిపోయాడు.
తెర మీద ఎవరో సైనికులకు
పళ్లు సరిగ్గా తోముకోవడం నేర్పుతున్నారు.